కోనరావుపేటలో గిటారు బేరం

"తమ్మీ, ఆదివారం ఒకసారి వచ్చిపో. పిల్ల గిటారు గిటారని పానం తీస్తున్నది. నువ్వు చూసి మంచిదంటేనే కొంటం" అని కోనరావుపేట నుంచి మా అక్క ఫోను చేసింది. తెలుగు పాఠాలు చెప్పుకుని బ్రతికేవాడికి గిటారుతో ఏం పని అని మీరు అడగవచ్చు. మా కాలేజీలో మిత్రులు కూడా అడిగారు. ఆ సంగతి కాస్త ఆగి చెబుతాను.

పొద్దున్నే కరీంనగర్‌లో బస్సెక్కి వేములవాడలో దిగాను. రాజన్నకు కోడె మొక్కు చెల్లించే జనంతో గుడి వీధి అప్పటికే నిండిపోయింది. ఈ ఊళ్ళో దిగినప్పుడల్లా నాకు పంపకవి జ్ఞాపకం వస్తాడు. పదవ శతాబ్దంలో వేములవాడ చాళుక్యుడు రెండవ అరికేసరి కొలువులో ఉండి, కన్నడంలో భారత కథ చెప్పిన మహానుభావుడు. పక్కన టీ తాగుతున్న పెద్దమనిషికి ఈ మాట చెబుదామనుకున్నాను. ఇంతలో ఆయన బస్సు వచ్చింది, బ్రతికిపోయాడు.

కోనరావుపేట దారిలో వరి మళ్ళు, పత్తి చేలు, మధ్య మధ్య తాటిచెట్లు. మొదట ఇది కరీంనగర్ జిల్లాలో మండలం. 2016లో రాజన్న సిరిసిల్ల జిల్లాలోకి వచ్చింది. నిమ్మపల్లి దగ్గర మూలవాగు మీది ప్రాజెక్టు, మల్కపేట జలాశయం ఈ మండలంలోనివే. బస్సులో నాకు వినిపించినవన్నీ నీళ్ళ మాటలే. గిటారు మాట ఎత్తడానికి నాకే సిగ్గువేసింది.

అక్కా వాళ్ళింట్లో మంచం మీద రెండు గిటార్లు పడుకోబెట్టి ఉన్నాయి. ఒకటి తళతళ మెరిసే నల్లది, కొత్తది. కరీంనగర్‌లో బావ స్నేహితుడొకడు, నచ్చకపోతే రెండు రోజుల్లో తిరిగి ఇచ్చే ఒప్పందం మీద తెచ్చాడు. వెల నాలుగువేల అయిదువందలు. రెండోది పాతది. ఒళ్ళంతా గీతలు, ఒక బిరడా తల విరిగింది. పక్క వాడలో దుబాయి నుంచి తిరిగి వచ్చినాయనది. ఆయన రెండువేలు అడుగుతున్నాడు.

మా మేనకోడలు ఇంటర్మీడియెట్ చదువుతోంది. దాని కళ్ళు నల్లదాని మీదనే ఉన్నాయి.

"మామా, గిది మంచిగున్నది కదా?"

నా కథ ఇక్కడ చెప్పాలి. 2003లో హైదరాబాదులో ఎమ్.ఏ. చదివేటప్పుడు మెస్సు డబ్బు మిగిల్చి పన్నెండు వందలకు గిటారు ఒకటి కొన్నాను. కొట్టు పేరు చెప్పను. అదీ ఇలాగే మెరిసేది. తీగలు మెడకు ఎంత ఎత్తున ఉండేవంటే, నొక్కితే వేలి కొసలు కోసుకుపోయేవి. నొక్కినా స్వరం తప్పే పలికేది. మూడు నెలలు కుస్తీ పట్టి, సంగీతం నా నుదుట రాయలేదని తీర్మానించుకుని, దాన్ని గది మిత్రుడికి ఇచ్చేశాను. చాలా ఏళ్ళ తరువాత ఒక వాద్యగాడికి ఈ కథ చెబితే, "మీ వేళ్ళకేం రోగం లేదండీ, గిటారుకే" అన్నాడు. అప్పటికి నాకు ముప్పై ఆరేళ్ళు. తక్కువ వెల వస్తువు చెడిపోతే పోయేది డబ్బే అనుకుంటాం. చెడ్డ వాద్యంతో పిల్లవాడికి తన మీద నమ్మకం పోతుంది, ఆ నష్టం రసీదులో కనపడదు. ఆ వాద్యగాడి దగ్గరే కూర్చుని నాలుగు పరీక్షలు నేర్చుకున్నాను.

"బావా, దీని మెడ చూడు" అని నల్లదాన్ని ఆయన చేతికిచ్చాను. బావ సిరిసిల్లలో ఇరవై ఏళ్ళు సాంచాలు నడిపినవాడు. గిటారు తలకాయ ముక్కు దగ్గర పెట్టుకుని, ఒక కన్ను మూసి, కడ్డీ వంకర చూసినట్టు చూశాడు.

"వంగింది బామ్మర్దీ."

అనుమానం తీరడానికి ఒకే తీగను మొదటి మెట్టు దగ్గరా, మెడ పొట్టను కలిసే మెట్టు దగ్గరా నొక్కిపట్టాము. అప్పుడు తీగే కొలబద్ద అవుతుంది. నడుమ పోస్టుకార్డు దూరేంత సందు ఉంటే దోషం లేదు. ఇక్కడ రెండు కార్డులు దూరినా ఇంకా చోటు మిగిలింది. ఆరు ఉక్కు తీగలు కలిసి మెడను డెబ్బయి కిలోలకు పైగా బలంతో గుంజుతాయి. ఒక మనిషి వేలాడుతున్నట్టే. కొన్ని గిటార్లకు మెడలో బిగించే కడ్డీ ఉంటుంది, తెలిసినవాడు దానితో వంకర తీస్తాడు. ఈ నల్లదానికి అది లేదు.

పిల్ల జామెట్రీ పెట్టెలో స్కేలు తెచ్చింది. పన్నెండో మెట్టు మీద లావు తీగ ఎత్తు చూశాము. ఉక్కు తీగలకు మూడు మిల్లీమీటర్లు మించకూడదు, అయిదు ఉంది. పాతదానికి నైలాను తీగలు, నాలుగు లోపే. నైలానుకు అది సరిపోతుంది, పైగా కొత్త వేళ్ళకు మెత్తన.

ఇక స్వరం. పన్నెండో మెట్టు తీగకు సరిగ్గా సగంలో ఉంటుంది. అక్కడ తీగను వేలితో ఊరికే తాకి మీటినా, గట్టిగా నొక్కి మీటినా అదే పై షడ్జం పలకాలి. ఫోనులో శృతి చూపే యాప్ పెట్టి పిల్లే మీటింది. పాతది రెండుసార్లూ ఒకే మాట చెప్పింది. నల్లది నొక్కినప్పుడు పైకి పోయింది. పిల్ల మళ్ళీ మీటింది, మళ్ళీ మీటింది. దాని మొహం చూసి నాకు జాలి వేసింది.

"గిది చెక్క కాదట, ప్లైవుడ్డట కదా?" అని అక్క పాతదాన్ని శంకించింది. రెండూ ప్లైవుడ్డే. మా ఎండలకు ప్లైవుడ్డే కాస్త ఓర్చుకుంటుంది. నాదం ఎక్కువ పుట్టేది పైపలక నుంచి. 1862లో స్పెయిన్‌లో టోర్రెస్ అనే ఆయన అడుగూ పక్కలూ అట్టతో చేసి, పైపలక ఒక్కటి మంచి చెక్కతో పెట్టి, గిటారు పలికించి చూపాడు. అది నేటికీ బార్సిలోనా మ్యూజియంలో ఉంది. పాతదాని పైపలక బ్రిడ్జి వెనక ఉబ్బలేదు, బ్రిడ్జి అంచున వెంట్రుక దూరే సందు లేదు. ఇంకేం చూడాలి?

సాయంత్రం దుబాయి ఆయన వచ్చాడు. ఈ ప్రాంతంలో వాడకొకరైనా గల్ఫుకు పోయి వచ్చినవారుంటారు. క్యాంపు గదిలో నేర్చుకుందామని కొన్నాడట. పని పన్నెండు గంటలు, గదిలో పదిమంది; నాలుగు పాఠాలు కూడా కాలేదు. బావ వెయ్యిన్నరకు బేరం మొదలుపెట్టాడు. నేను కాలితో బావ కాలు తొక్కాను. చివరికి పద్ధెనిమిది వందలకు కుదిరింది. కొత్త తీగలకూ బిరడాకూ మరో ఏడువందలు పక్కన పెట్టమన్నాను.

ఆయన డబ్బు లెక్కపెట్టుకోలేదు. గిటారు మీద దుమ్ము కండువాతో తుడిచి, "గోడకు తగిలియ్యకు బిడ్డా, ఎండకాలం గోడ కాగుతది" అన్నాడు. వాకిలి దాకా పోయి, వెనక్కి తిరిగి, "వచ్చినంక ఒక పాట వినిపియ్యి" అన్నాడు.

పది రోజులకు మేనకోడలు ఫోను చేసింది.

"మామా, వేళ్ళు నొస్తున్నయి."

నా గుండె ఝల్లుమంది. "బాగానా?"

"కొంచెమే. ఆగు, ఇంటవా?" అని ఫోను మంచం మీద పెట్టింది.