ఖాళీ టంకీ

నేను వెళ్ళేసరికి ఉస్తాద్ ఇంకా కారు కిందికి దూరలేదు. వెనక చక్రం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళు మూసుకుని వాసన చూస్తున్నాడు. మా బాబాయి టార్చిలైటు పట్టుకుని నిలబడ్డాడు. "స్టవ్వు కట్టేశావా?" అని వంటింటి వైపు కేకేస్తే, "ఎన్నిసార్లు చెప్పాలండీ, కట్టేశాను" అని పిన్ని జవాబు.

ఢిల్లీ మయూర్ విహార్ ఫేజ్ వన్‌లో డీడీఏ (ఢిల్లీ అభివృద్ధి సంస్థ) కట్టిన ఫ్లాటు, కింది అంతస్తు. తెనాలి నుంచి కేంద్ర ప్రభుత్వోద్యోగానికి వచ్చిన బాబాయి రిటైరయ్యాక కూడా ఇక్కడే ఉండిపోయాడు. 2011లో కొన్న ఆల్టో ఆయన మొదటి కారు. ఆఖరిదీ అదేనంటాడు. పాత కార్ల మీద ఏదైనా రాసుకురమ్మని మా ఎడిటర్ అంటే నేను మాయాపురి తుక్కు బజారుకి బయల్దేరబోయాను. "తుక్కు తర్వాత చూద్దువుగానిలే. ఆదివారం టంకీ దింపుతున్నాం, ఇంటికి రా" అన్నాడు బాబాయి. ఢిల్లీలో ముప్పై ఏళ్ళుంటే ట్యాంకు టంకీ అయిపోతుంది.

పది రోజులుగా పొద్దున్నే కారు దగ్గర పెట్రోలు వాసన, కింద అరచేతంత తడి. సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే కారు పైకెత్తి చూసి, టంకీ, పంపు మొత్తం కొత్తవి వెయ్యాల్సిందే అన్నారట. ఎక్కడ కారుతోందని బాబాయి అడిగితే ఎవరూ చెప్పలేదు. ఆయన కోపమంతా ఆ జవాబు రాని ప్రశ్న మీదే.

ఉస్తాద్‌ది త్రిలోక్‌పురి. రేడియేటర్లు, టంకీలు బాగుచేసే చిన్న కొట్టు. ముందు రోజు సాయంత్రమే వచ్చి తుప్పు పట్టిన బోల్టులకి నూనె పట్టించి వెళ్ళాడు. ఈ పూట ముందుగా పంపు ఫ్యూజు పీకి ఇంజను స్టార్టు చేయించాడు. పైపుల్లో మిగిలిన పెట్రోలు తాగేసి, రెండుసార్లు దగ్గి అదే ఆగిపోయింది. తర్వాత బ్యాటరీ నెగటివ్ వైరు తీశాడు. పెట్రోలు తోడి పోయడానికి బాబాయి ఇరవై లీటర్ల మంచినీళ్ళ క్యాను తెచ్చి పెడితే, "ప్లాస్టిక్ వద్దు బావూజీ" అని పక్కకి జరిపి, తన సైకిలుకి కట్టుకొచ్చిన ఇనప డబ్బా విప్పాడు. అమ్మకానికి కాని పెట్రోలు ముప్పై లీటర్ల దాకా లైసెన్సు లేకుండా ఉంచుకోవచ్చనీ, లోహపు డబ్బా అయితే ఇరవై అయిదు లీటర్లు మించకూడదనీ 1934 నాటి పెట్రోలియం చట్టంలో ఉంది. ఉస్తాద్‌కి ఆ చట్టం సంగతి తెలియదు. ప్లాస్టిక్ క్యానులోకి పెట్రోలు ధార పడుతుంటే భగ్గుమనడం ఒకసారి కళ్ళారా చూశాడు.

జాకీతో లేపి, వెనక భాగాన్ని రెండు స్టాండ్ల మీదికి దించాడు. జాకీ ఒక్కటీ చాలదా అని నేనంటే, "జాకీ ఎత్తడానికి. మోయడానికి కాదు" అన్నాడు.

ఇక అక్కణ్ణుంచి నేను ఆయన చేతుల్నే చూస్తూ ఉండిపోయాను. పానాని పావు వంతు ముందుకి, అర వంతు వెనక్కి తిప్పుతాడు. కిర్రుమంటే ఆగి, మళ్ళీ ఓ చుక్క నూనె వేస్తాడు. తుప్పు బోల్టు తెగే ముందు గట్టిగా ఉండదట, ఉన్నట్టుండి మెత్తబడుతుందట. ఆ మెత్తదనం పసిగట్టగానే ఆయన వేళ్ళు ఆగిపోయేవి. ఒక్క బోల్టు కూడా తెగలేదు. టంకీ కింద చెక్క, చెక్క కింద ఇంకో జాకీ పెట్టి నాలుగు వేళ్ళంత దించాడు. ఆ సందులోంచి చెయ్యి పైకి పోనిచ్చి, ఏమీ కనబడకుండానే వైరు ప్లగ్గు ఊడదీశాడు. పైపులకి తలో రంగు దారం కట్టాడు, మళ్ళీ బిగించేటప్పుడు తారుమారు కాకుండా. గాలి గొట్టం రబ్బరు మాత్రం చేతిలోనే పెళుసుగా విరిగింది.

"ఇప్పుడొచ్చే పెట్రోలు నీళ్ళని పిలుచుకొస్తుంది" అన్నాడు ఆ ముక్క చూపిస్తూ. ఒక్క ఈ ముక్కకి కారణం అదేనని నేను చెప్పలేను, పదిహేనేళ్ళ రబ్బరు మామూలుగానే పెళుసెక్కుతుంది. కానీ పెట్రోలులో కలిపే ఇథనాల్‌కి నీటిని పీల్చుకునే గుణం ఉన్నమాట నిజం. ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలుకి తగ్గట్టు కార్లు తయారవుతున్నది 2023 నుంచే. పాత బండ్లలో కొన్ని రబ్బరు భాగాలు మార్చాల్సి రావచ్చని పెట్రోలియం శాఖే 2025 ఆగస్టులో చెప్పింది. ఉస్తాద్‌లాంటి చేతుల గురించి మాత్రం ఏమీ చెప్పలేదు.

టంకీ బయటికొచ్చింది. కుండ కొనేటప్పుడు మా అమ్మమ్మ కొట్టి చూసినట్టు, వేలి కణుపుతో చుట్టూ కొట్టుకుంటూ వచ్చాడు. అడుగున రెండు రేకులు కలిసే అంచు దగ్గర శబ్దం మారింది. బురద చేరి తేమ నిలిచే చోటు అది. సబ్బు నీళ్ళు పూసి, గొట్టంలోంచి గాలి ఊదితే మూడు చోట్ల బుడగలు లేచాయి. బాబాయి వంగి చూసి, "ఇదిగో, ఇక్కడా కారేది!" అన్నాడు. పది రోజుల ప్రశ్న తీరింది.

టంకం పని ఇంటి దగ్గర చెయ్యనన్నాడు. రిక్షాలో టంకీ వేసుకుని త్రిలోక్‌పురి వెళ్తుంటే నేనూ వెంట వెళ్ళాను. "నిండు టంకీకి కాదు, ఖాళీ టంకీకి భయపడాలి" అన్నాడు దారిలో. పెట్రోలు ఆవిరి గాలికన్నా మూడు నాలుగు రెట్లు బరువు. ద్రవం పోయినా అది అడుగున పరుచుకుని ఉంటుంది, గాలితో పాళ్ళు కుదిరాయంటే చిన్న రవ్వ చాలు. ఆయనకి పని నేర్పిన గురువు ఖాళీ డ్రమ్ముకి వెల్డింగు పెట్టి పోయాడు. డ్రమ్ము మూత ఎదురింటి డాబా మీద దొరికిందట.

అందుకని ఆయన టంకీని సబ్బు వేసిన వేడినీళ్ళతో మూడుసార్లు కడిగాడు. లోపలి తుప్పు రాలడానికి గొలుసు ముక్క వేసి, పసిపిల్లని ఊపినట్టు అటూ ఇటూ ఊపాడు. పంపు రంధ్రానికి మూత బిగించి, తూట్లు పైకొచ్చేలా నిలబెట్టి, లోపల రెండు వేళ్ళ జాగా మిగిల్చి నీళ్ళు నింపాడు. ఆవిరి పోవడానికి ఒక గొట్టం తెరిచే ఉంచాడు. రేకు తళతళలాడేదాకా రుద్ది, నవాసారం రాసి, ముందు కళాయి పట్టించి, ఆపైన రూపాయి బిళ్ళంత అతుకు పెట్టి టంకం పోశాడు. కింద నీళ్ళు వేడిని లాగేస్తుంటాయి కాబట్టి లావుపాటి రాగి కడ్డీలు రెండు, ఒకటి మంటలో, ఒకటి చేతిలో. చేతులకి తొడుగులు లేవు. మోచేతి దాకా పాత మచ్చలు.

ఐటీఐలో మోటార్ మెకానిక్ కోర్సు రెండేళ్ళు. బడికి పోకుండా పని నేర్చుకున్నవాళ్ళని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు కూడా కేంద్ర ప్రభుత్వ కౌశల్ వికాస్ పథకంలో ఉంది. ఈ గల్లీలోకి వచ్చి ఈయన్ని అడిగినవాళ్ళు లేరు. కొడుకు ఇంటింటికీ పార్సిళ్ళు అందిస్తాడు, ఈ కొట్టు వైపు రాడు. ఆ నవాసారం డబ్బా, ఆ రాగి కడ్డీలు ఎవరికిస్తారని అడగడానికి నాకు నోరు రాలేదు.

ఇక ఈ కారు వయసు సంగతి. ఢిల్లీలో పెట్రోలు కారుకి పదిహేనేళ్ళు, డీజిలు కారుకి పదేళ్ళు అని హరిత ట్రిబ్యునల్ పెట్టిన గడువుని 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. 2025 జూలై 1 నుంచి గడువు దాటిన బండ్లకి ఢిల్లీ బంకుల్లో పెట్రోలు పోయొద్దన్నారు, కొద్ది రోజుల్లోనే ఆపేశారు. ఆగస్టులో యజమానుల మీద కఠిన చర్యలొద్దని కోర్టు అంది, డిసెంబరులో ఆ వెసులుబాటు బీఎస్-4 కాలుష్య ప్రమాణం, ఆపై బండ్లకే పరిమితమైంది. ఈ ఆల్టో బీఎస్-4 కాబట్టి బతికింది. నవంబరులో ఈ ఊరి గాలి పీల్చినవాణ్ణి, గాలి బాగుపడాలన్న పట్టుదల నాకూ ఉంది. కానీ కారే టంకీ రెండేళ్ళ బండిలో ఉన్నా గాలిని పాడుచేస్తుంది. పెట్రోలు ఆవిరి ఎండలో ఓజోన్ పుట్టడానికి తోడ్పడే సరుకు. ఆ తూట్లు మూసిన మనిషిది కూడా గాలిని బాగుచేసే పనే. తుక్కు చేసే కేంద్రాలకి విధానం ఉంది, నోయిడాలో 2021లోనే ఒకటి తెరిచారు. బాగుచేసే కొట్టుకి అలాంటి విధానమేదీ నాకు కనబడలేదు. పుట్టిన సంవత్సరం చూసి కొలిచే వ్యవస్థలో, కొట్టి చూసి కొలిచే చెయ్యికి విలువ ఎలా వస్తుంది?

సాయంత్రానికి టంకీ ఎండి తిరిగొచ్చింది. దారాల రంగులు చూసుకుంటూ కొత్త రబ్బరు గొట్టం, కొత్త క్లాంపులతో బిగించాడు. అయిదు లీటర్లే పోసి, తాళం రెండుసార్లు తిప్పించి పంపు గుయ్యిమనడం విన్నాడు. మూడోసారికి ఇంజను అందుకుంది. కారు కింద కొత్త అట్టపెట్టె ముక్క పరిచి, రేపు పొద్దున చూసి చెప్పమని పిన్నికి అప్పజెప్పి, డబ్బు మాత్రం రేపే తీసుకుంటానని వెళ్ళిపోయాడు.

మర్నాడు ఏడింటికి పిన్ని ఫోను. "అట్ట పొడిగానే ఉందిరా. ఉస్తాద్‌కి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"