దిబ్బల సైనైడ్, దుంపల సైనైడ్

కోలారు బంగారు గనుల ఊళ్లలో సైనైడ్ అనగానే గుర్తొచ్చేవి బూడిద రంగు దిబ్బలు. రాతిని పిండి చేసి, పలుచటి సైనైడ్ ద్రావణంతో కడిగి బంగారాన్ని కరిగించి తీసే పద్ధతిని 1887లో గ్లాస్గోలో కనిపెట్టారు. అలా కడిగాక మిగిలిన పిండి దశాబ్దాల తరబడి గుట్టలుగా పేరుకుంది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డా దిబ్బలూ పోలేదు, సైనైడ్ దిబ్బలన్న పేరూ పోలేదు. నిజానికి ఎండకూ గాలికీ వాటిలోని సైనైడ్ చాలావరకు విరిగిపోతుంది. ఊపిరితిత్తులకు చేటు చేసేది సన్నటి దుమ్ము. తిండి ద్వారా ఒంట్లోకి వెళ్లే సైనైడ్ వేరు. దాన్ని మొక్కలే తయారుచేసుకుంటాయి.

రైతులకు ఇది పాత సంగతే. వాన లేక గిడసబారిన లేత జొన్న పైరునో, కోత తర్వాత మోళ్ల నుంచి లేచిన పిలకలనో మేసిన పశువు కాసేపటికే రొప్పుతూ కూలబడుతుంది. ఆ పిలకలకు నాము అని పేరు. లేత ఆకులో ధురిన్ అనే పదార్థం ఒకచోట, దాన్ని విడగొట్టే ఎంజైము మరోచోట ఉంటాయి. నమిలినప్పుడు రెండూ కలిసి హైడ్రోసయనిక్ ఆమ్లం పుడుతుంది. అది కణాలు ఆక్సిజన్ వాడుకోకుండా అడ్డుపడుతుంది. రక్తం నిండా ఆక్సిజన్ ఉన్నా ఒంటికి అందదు కాబట్టే చనిపోతున్న పశువు రక్తం మామూలు కంటే ఎర్రగా కనిపిస్తుంది. పశువైద్యుడు ఎక్కించే సోడియం థయోసల్ఫేట్ గంధకాన్ని అందించి సైనైడ్‌ను థయోసయనేటుగా మారుస్తుంది, అది మూత్రంలో పోతుంది. పాత ఫొటో స్టూడియోల్లో హైపో అన్నది ఈ ఉప్పునే.

ఎండిన జొన్న గింజలో ధురిన్ దాదాపు ఉండదు, మొలకెత్తాక మొలకలో పుడుతుంది. రాగుల్లాగే జొన్నల్నీ మొలకెత్తించి పచ్చిగా తినమనే సలహా అందుకే పనికిరాదు. మొలకెత్తిన జొన్నను ఆరబెట్టి, మొలకా వేరూ నలిపి చెరిగాకే పిండి పట్టించాలి.

కర్రపెండలంలో ఉండేది లినమారిన్, పని ధురిన్ లాంటిదే. తీపి రకాల్లో తక్కువ, చేదు రకాల్లో ఎక్కువ. తొక్క తీసి, చిన్న ముక్కలు కోసి, నీళ్లలో నానబెడితే దుంపలోని ఎంజైమే విషాన్ని విడగొడుతుంది. హైడ్రోసయనిక్ ఆమ్లం 26 డిగ్రీలకే మరుగుతుంది కాబట్టి మూత తీసి ఉడికిస్తే ఆవిరితో పోతుంది. పెద్ద ముక్కల్ని నేరుగా మరిగే నీళ్లలో వేస్తే ఎంజైము ముందే చచ్చిపోయి, లినమారిన్ దుంపలోనే మిగులుతుంది. 1981 కరువులో మొజాంబిక్‌లోని నంపులా ప్రాంతంలో సరిగా శుద్ధి కాని చేదు దుంప తిని ఎందరికో రెండు కాళ్లూ బిగుసుకుపోయాయి. ఆ జబ్బును కోన్జో అంటారు. తిండిలో మాంసకృత్తులు తక్కువైతే విరుగుడుకు కావలసిన గంధకం ఒంట్లో ఉండదు. పెండలంతో పాటు పప్పో చేపో తినడం వల్ల రుచే కాదు, ఈ లాభమూ ఉంది.

మళ్లీ కోలారుకొస్తే, అక్కడ చలికాలమంటే అనపకాయలు. ఎండు అనపగింజలో లెక్టిన్లు, మాంసకృత్తుల అరుగుదలను అడ్డుకునే పదార్థాలు, రకాన్ని బట్టి కొద్దిగా సైనైడ్ మూలాలు ఉంటాయి. తొక్కలో టానిన్లు. పితికిపప్పు చేసే పద్ధతి వీటిలో చాలావాటికి జవాబు. రాత్రంతా నానిన గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి నొక్కితే పప్పు జారి గిన్నెలో పడుతుంది, తొక్క వేళ్లకు అంటుకుని మిగులుతుంది. తొక్కతో పాటు టానిన్లు పోతాయి, లెక్టిన్ల సంగతి పొయ్యి చూసుకుంటుంది. ఎండుగింజల గుగ్గిళ్లు అరకొరగా ఉడికిన రోజు వాంతులతో ఆసుపత్రికి వచ్చే మనిషి మాత్రం పాచి తిండి తిన్నాననే అనుకుంటాడు.

సైనైడ్ లేని తిండిలోనూ ఇలాంటి చిక్కులున్నాయి. రాగిలో 100 గ్రాములకు 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంది. కానీ అందులోని ఫైటేట్లూ టానిన్లూ ఇనుమును ఒంటికి సరిగా పట్టనివ్వవు. పూటపూటా సంకటి తిని వెంటనే టీ తాగే ఇల్లాలికి రక్తహీనత కనబడితే వింతేమీ లేదు. పసిపిల్లల రాగిసరి కోసం మొలకెత్తించి, పలుచటి గుడ్డలో జల్లించే పద్ధతి ఈ ఫైటేట్లనూ టానిన్లనూ తగ్గిస్తుంది. పక్కన నిమ్మరసం ఉంటే మరీ మంచిది. చక్కెర జబ్బుకు రాగి మందనే నమ్మకం మాత్రం అతి. పెద్ద ముద్ద పెద్ద ముద్దే.

వంటింటి ఆనవాయితీ ప్రతిసారీ మేలే చేస్తుందనీ అనుకోకూడదు. బస్సారు అంటే ఆకుకూర ఉడికించి వంచిన నీళ్లతో కాచే చారు. తోటకూర, పాలకూరల్లోని ఆక్సలేట్లలో నీళ్లలో కరిగే భాగం ఆ నీళ్లలోకే దిగుతుంది. అంటే మూత్రపిండాల్లో రాళ్లున్నవాళ్లు పారబోయాల్సిన నీళ్లే కంచంలోకి వస్తాయి. వాళ్లకు చారు తగ్గించి, వంచిన ఆకు కూర తిని, మీద మజ్జిగ పోసుకోమని చెప్పడం నయం. మజ్జిగలోని కాల్షియం పేగుల్లోనే ఆక్సలేటును పట్టి ఉంచుతుంది.

అసలు పొయ్యి ఎక్కని తిండి సొరకాయ రసం. చేదు సొరకాయలోని కుకుర్బిటాసిన్లు ఉడికించినా పోవు; పచ్చి రసంలో గ్లాసు నిండా దిగుతాయి. తాగిన గంటలోపే కడుపునొప్పి, వాంతులు, విరేచనాలు, ఒక్కోసారి రక్తవాంతి, పడిపోయే రక్తపోటు. దీనికి విరుగుడు మందు లేదు. సెలైన్ ఎక్కిస్తూ రక్తపోటు నిలబెట్టడమే వైద్యం. ఇలాంటి కేసులు, మరణాలు చూశాక భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల సంఘం చెప్పింది చిన్న మాట: రసం తీసేముందు ముక్క కొరికి చూడాలి, చేదైతే పారెయ్యాలి. రోగికి ఈ మాట ఎక్కించడమే కష్టం. చేదుగా ఉందా అని అడిగితే ఉందనే అంటాడు. మరెందుకు తాగావంటే, మందు చేదుగానే ఉంటుంది కదా అంటాడు.