పాత కారు, వేకువ చప్పుడు

ముప్పై నాలుగేండ్లు పిల్లలకు ఛందస్సు చెప్పినవాడిని. యంత్రాల విషయంలో నాది శుద్ధ అజ్ఞానం. అటువంటి నేను ఇంజనులోని గొలుసును గురించి వ్రాయబూనడం చూసి మిత్రులు నవ్వుకోవచ్చు. నవ్వండి గాని చివరిదాకా చదవండి. పాత కారు కొనదలచినవారికి పనికివచ్చే మాట ఒకటి ఇందులో ఉన్నది. నేను ఒప్పుకోవలసిన మాట కూడా ఒకటి ఉన్నది.

2023లో మా ఆవిడకు కంటి లోపలి పొరకు జబ్బు చేసింది. నెలకొకసారి తెనాలి నుండి గుంటూరు వెళ్ళి కంటిలో సూదిమందు వేయించుకోవాలన్నారు. కంటికి కట్టుతో బస్సు ఎక్కి దిగడం ఆమెకు కష్టమైంది. కారు నడపడం మా అబ్బాయి బండి మీద ఎప్పుడో నేర్చుకున్నదే కనుక, దాచుకున్న డబ్బులోనుండి రెండు లక్షల పదివేలు తీసి ఒక పాత పెట్రోలు కారు కొన్నాను. పదేండ్ల బండి. 80,000 కిలోమీటర్లు తిరిగింది.

చూడబోయిన రోజున అమ్మేవారు ఎదురువచ్చి ఆదరించారు. అప్పటికే ఇంజను నడుస్తూ ఉన్నది. "వినండి మాస్టారూ, పిల్లి నడిచినట్లు ఉంటుంది" అన్నారు. నిజమే, చప్పుడు లేదు. బానెట్టు మీద చేయి వేస్తే వెచ్చగా తగిలింది. ఆ వెచ్చదనాన్ని కూడా నేను వారి మర్యాదలో భాగమే అనుకున్నాను.

మరునాడు వేకువన మా వాకిట్లో తాళం త్రిప్పగానే, రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఆడించినట్లు ఇంజను ఒక ప్రక్కనుండి గలగలమని మోత వచ్చింది. మూడు నాలుగు క్షణాలు మాత్రమే. ఆపైన ఏమీ ఎరుగనట్లు సద్దుమణిగింది. ఆనాటి నుండి ప్రతి ఉదయమూ అదే వరుస.

"ఏమండీ, బావి గొలుసు జారినట్లు అదేం చప్పుడు?" అని మా ఆవిడ అడిగింది. ఆమెకు కన్ను మసకబారిందే గాని చెవి కాదు. "పాత బండి గదా, మన కీళ్ళు మాత్రం చప్పుడు చేయడం లేదూ?" అని నవ్వి దాటవేశాను.

వెనుక బల్లమీది పిల్లవాడు ఉత్పలమాలలో పదవ అక్షరం దగ్గర యతి తప్పితే, తల ఎత్తకుండానే పట్టుకునేవాడిని. ఆ చెవే ఈ మోతను నెల రోజులు వినీ విననట్లు ఊరుకున్నది. దాచడమెందుకు? చెవికి తెలిసింది. పోసిన డబ్బు గుర్తుకు వచ్చి మనస్సు ఒప్పుకోలేదు.

నెల తిరిగేసరికి మీటరు పక్కన ఇంజను గుర్తుతో పసుపు దీపం వెలిగింది. బండిలో లాగుడు తగ్గింది. బేరం కుదిర్చిన మధ్యవర్తిని పిలిపించాను. అతడు ఒక్కసారి విని తేల్చివేశాడు. "టైమింగ్ చైను మాస్టారూ. బాగుచేయించారంటే ఖర్చు. నేను వేరేవాళ్ళకి అమ్మిపెడతాను. వాళ్ళు వచ్చే ముందు ఒక అరగంట బండి తిప్పి ఉంచండి చాలు. వేడి మీద చప్పుడు రాదు."

అప్పుడు ఆ వెచ్చని బానెట్టు జ్ఞాపకం వచ్చింది.

ఆ క్షణమే కూడదన్నానని వ్రాస్తే మీరు నమ్ముతారు. కాని అది అబద్ధం. "సరే, ఆదివారం రమ్మను" అన్నాను. ఆదివారం ఏడు గంటలకు వెళ్ళి తాళం త్రిప్పాను. మోత వచ్చింది, పోయింది. ఇంజను తిరుగుతూ ఉండగా వాకిట్లో నిలబడ్డాను. మా ఆవిడ గడప దాకా వచ్చి, "ఇంత పొద్దున్నే ఎక్కడికండీ?" అన్నది.

"ఎక్కడికీ లేదు."

"ఎక్కడికీ పోనప్పుడు పెట్రోలెందుకు కాలుస్తున్నారు?"

ఆ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేకపోయింది. తాళం తీసివేసి, కొనేవారిని తీసుకురావద్దని మధ్యవర్తికి ఫోను చేశాను.

విజయవాడ ఆటోనగర్‌లో ఒక మేస్త్రి ఉన్నాడని మా మేనల్లుడు చెప్పాడు. ఫోనులో చప్పుడు వినిపించగానే ఆయన, "నడుపుకుంటూ రావద్దు మాస్టారూ, లాగించుకు రండి" అన్నాడు. ఎందుకో అక్కడికి వెళ్ళాక వివరించాడు. నాకు అర్థమైనంత మేర చెబుతాను.

పిస్టన్లు త్రిప్పే ఇరుసు క్రాంకు. గాలిని లోనికి, పొగను వెలుపలికి వదిలే కవాటాలను తెరిపించే ఇరుసు క్యాము. క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యాము సరిగ్గా ఒక్క చుట్టు తిరగాలి. ఆ లెక్క తప్పకుండా రెంటినీ కలిపి ఉంచేదే టైమింగ్ గొలుసు. అది వదులు కాకుండా టెన్షనరు అనే బిగింపు నొక్కి ఉంచుతుంది. ఆ బిగింపుకు బలం ఇంజను ఆయిలు ఒత్తిడి నుండి వస్తుంది. రాత్రంతా బండి నిలిచి ఉంటే ఒత్తిడి ఉండదు. ఉదయం ఆయిలు పైకి ఎక్కేలోగా, అరిగిన గొలుసు వదులుగా ఊగి ప్రక్కనున్న పట్టీలను కొట్టుకుంటుంది. అదే ఆ గలగల.

గొలుసు "సాగింది" అంటారు గాని, నిజానికి ఇనుము సాగదట. ప్రతి లంకెలోని పిన్నూ రవంత అరుగుతుంది. ఆ రవంతలన్నీ కలిసి వదులవుతుంది. ఆయిలు వేళకు మార్చకపోవడం ఇందుకు పెద్ద కారణం. గొలుసు ఒక పన్ను జారితే బండి బలం తగ్గుతుంది. మరికొన్ని జారితే, మా బండివంటి ఇంజనులో పిస్టను పైకి వచ్చే వేళకు కవాటం తెరిచి ఉండి రెండూ ఢీకొంటాయి. కవాటాలు వంగిపోతాయి. అప్పుడు పోయేది గొలుసు ఖరీదు కాదు, ఇంజను ఖరీదు. గుంటూరు దారిలో, కంటికి కట్టుతో మా ఆవిడ ప్రక్కన ఉండగా అది జరిగి ఉంటే? వేరెవరి కుటుంబమో ఆ బండిలో ఉండగా జరిగి ఉంటే?

మేస్త్రి తొందరపడలేదు. బండిని ఒక రాత్రి చల్లబడనిచ్చి, తెల్లవారి అందరినీ మాట్లాడవద్దని, పొడుగాటి స్క్రూడ్రైవరు కొనను గొలుసు మూత మీద ఆనించి పిడి చెవికి పెట్టుకొని విన్నాడు. ఆయిలు పుల్ల తీసి చూపించాడు. నల్లగా, క్రింది గీతకు దిగువన ఉన్నది. స్కానరు పెడితే పి0016 అని సంఖ్య వచ్చింది. క్రాంకుకు, క్యాముకు పొంతన కుదరలేదని దాని అర్థమట. సెన్సరు చెడినా, తీగ తెగినా అదే సంఖ్య రావచ్చునని ముందు వాటిని పరీక్షించి, ఆ తరువాతనే పై మూత విప్పాడు. గొలుసు వ్రేలికి మెత్తగా లొంగింది. టెన్షనరు దాదాపు చివరిదాకా బయటికి వచ్చి ఉన్నది. పట్టీలలో గాడి పడింది.

గొలుసు, టెన్షనరు, పట్టీలు, పళ్ళ చక్రాలు అన్నీ ఒకేసారి మార్చాడు. గుర్తులు కలిపి బిగించాక, తాళం త్రిప్పుతాడేమో అనుకున్నాను. లేదు. పానా పెట్టి క్రాంకును చేతితోనే నిదానంగా రెండు చుట్లు త్రిప్పాడు. చక్రాల మీది గుర్తులు మళ్ళీ తమ తమ చోట నిలిచాయి. "తప్పుంటే చేతికి అడ్డం తగులుతుంది మాస్టారూ. తాళం తిప్పాక తెలిస్తే లాభం లేదు" అన్నాడు. పద్యం పైకి చదివే ముందు గణాలు విభజించి చూసుకోమని నేను పిల్లలకు చెప్పినది కూడా ఇదే.

క్రొత్త ఆయిలు, ఫిల్టరుతో కలిపి రూ.19,400 అయింది. నా పింఛనులో దాదాపు సగం. ఇచ్చేటప్పుడు బాధ కలిగింది గాని, ఆ ఆదివారం వాకిట్లో నిలబడినప్పటి బాధ వంటిది కాదు.

తరువాతి నెల గుంటూరు వెళ్తూ, దారిలో మా ఆవిడకు ఆ సంగతి అంతా చెప్పాను. ఆమె కిటికీలోంచి చూస్తూనే, "నాకు తెలుసు. పది రూపాయల పెట్రోలు ఊరికే కాల్చే మనిషి కారు మీరు" అన్నది. ఆపైన ఆ ప్రసక్తి తేలేదు.

పాత బండి కొనబోయే మిత్రులకు నా మనవి ఒక్కటే. వేకువనే వెళ్ళండి. తాళం అడిగే ముందు బానెట్టు మీద చేయి వేసి చూడండి. వెచ్చగా ఉంటే, ఆ పూటకు కాఫీ త్రాగి వచ్చేసి, మరునాడు చెప్పకుండా మళ్ళీ వెళ్ళండి.