రాజుగారి పింగాణీ

సంగారెడ్డిలో బస్సెక్కి హైదరాబాదు వైపు బయలుదేరితే, పటాన్‌చెరు చేరేసరికి ఫ్యాక్టరీ గోడలు వరుసకడతాయి. కిటికీలోంచి కరెంటు స్తంభాల వైపు చూడండి. తీగలకింద బోర్లించిన గిన్నెల్లా ఉండేవి చాలావరకు పింగాణీవే. కరెంటును స్తంభంలోకి పాకనివ్వకపోవడం వాటి పని. నగరంలోకి వెళ్ళి, మూసీ ఒడ్డున సాలార్‌జంగ్ మ్యూజియంలో అడుగుపెడితే, అదే పింగాణీ గాజుబీరువాల్లో రాజభోగం అనుభవిస్తూ ఉంటుంది.

మూడవ సాలార్‌జంగ్ పోగుచేసిన వస్తువులతో 1951లో వెలసిన ఈ మ్యూజియం, 1968లో ఇప్పటి భవనానికి మారింది. అక్కడి ఐరోపా పింగాణీలో ఫ్రెంచివారి సేవ్ర్ సరుకూ ఉంది. 1740లో వాన్సెన్‌లో పుట్టిన ఆ కార్ఖానా 1756లో పారిస్ దగ్గరి సేవ్ర్‌కు తరలింది. 1759లో పదిహేనవ లూయీ దాన్ని సొంతం చేసుకున్నాడు. ఏటా వెర్సేల్స్ కోటలో తన గదుల్లోనే అమ్మకం పెట్టించేవాడు. రాజుగారే అంగడి తెరిస్తే కొనకుండా తప్పించుకునే దర్బారీ ఎవడు? 1788లో టిప్పు సుల్తాను రాయబారులు పదహారవ లూయీని దర్శించినప్పుడు, బహుమానాల్లో ఈ పింగాణీ కూడా ఉంది.

తమాషా ఏమంటే, ఐరోపా పింగాణీ చైనాకు అనుకరణగానే మొదలైంది. సరైన తెల్లమట్టి లేక, సేవ్ర్‌వారు తొలుత వేరే మిశ్రమంతో మెత్తరకం చేశారు. 1768 ప్రాంతంలో లిమోజ్ దగ్గర ఆ మట్టి దొరికాకే గట్టిరకం సాధ్యమైంది. మన స్తంభాల మీది గిన్నెలకూ ఆ జాతి మట్టే ఆధారం.

ఇక నకళ్ళ సంగతి. రాజుల కాలపు సేవ్ర్ పాత్ర అడుగున పెనవేసిన రెండు ‘ఎల్’ అక్షరాలు, వాటి నడుమ సంవత్సరాన్ని తెలిపే అక్షరం సాధారణంగా ఉంటాయి. 1800 ప్రాంతంలో కార్ఖానా బొమ్మలు వేయని తెల్లపాత్రలను అమ్మేసింది. కొన్నవారిలో కొందరు వాటిమీద పాత పద్ధతిలో బొమ్మలు వేయించి పాతవిగా చలామణి చేశారు. 1845లో మొదలైన పారిస్‌లోని శామ్సన్ సంస్థకు నకళ్ళు చేయడమే వృత్తి. కనుక గుర్తు ఒక్కటే చూసి సొమ్ము చెల్లించేవాడు మునుగుతాడు. గులాబీరంగు నేల సేవ్ర్‌లో 1757 ప్రాంతంలో వచ్చింది. అంతకు చాలాముందటి అక్షరంతో గులాబీ పాత్ర ఎదురైతే అనుమానించాల్సిందే.

నకలు చేయడం నేరం కాదు, నకలును అసలని అమ్మడమే నేరం. మంచి నకలును నకలుగానే కొని బల్లమీద పెట్టుకుంటే ఎవరికీ నష్టం లేదు.

శుక్రవారం మ్యూజియానికి సెలవు. తక్కిన రోజుల్లో వెళ్ళండి. బీరువాలో పాత్ర అడుగు కనబడదు గనుక, రంగు లోతునూ బంగారుపూత పనితనాన్నీ తీరికగా చూడండి. కళ్ళకు ఆ అలవాటు పడితే, బజారులో ఎవరూ మిమ్మల్ని తేలిగ్గా మోసగించలేరు.