దుగరాజపట్నం వదిలిన ఓడలు

మద్రాసులోని సెయింట్ జార్జి కోటకు మా మేనకోడల్ని వెంటబెట్టుకుని వెళ్లాను. గూడూరు వాళ్లకు మద్రాసు కొత్త కాదు. ఆస్పత్రికో, పెళ్లి చీరలకో రైలెక్కుతూనే ఉంటాం. కోటలోకి మాత్రం ఎవరూ తొంగిచూడరు.

వాకిట్లో పోలీసుల తనిఖీ. లోపల తమిళనాడు సచివాలయం, శాసనసభ. ఫైళ్లు మోసుకెళ్లే ఉద్యోగులు, అర్జీలు పట్టుకుని నిలబడ్డ పల్లెజనం. కొంత భాగం ఇప్పటికీ సైన్యం చేతిలోనే ఉంది. వీటన్నిటి మధ్య పురావస్తు శాఖ మ్యూజియం.

ఈ కోట కథకు మొదలు మా తీరంలో ఉంది. వాకాడు పక్కన దుగరాజపట్నంలో 1626 ప్రాంతంలో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవాళ్లు గిడ్డంగి కట్టి, కాపలాగా ఫిరంగులు నిలిపారు. ఆ చోటును ఆర్మగాన్ అన్నారు. అక్కడి లైట్‌హౌస్‌ను ఇప్పటికీ ఆ పేరుతోనే పిలుస్తారు. కంపెనీ వ్యాపారానికి కావలసిన బట్ట కావలసిన ధరకు అక్కడ దొరకలేదు. గిడ్డంగి పెద్ద ఫ్రాన్సిస్ డే దక్షిణాదికి వెతుక్కుంటూ పోయి, 1639 ఆగస్టులో దామర్ల వెంకటాద్రి నాయకుడి దగ్గర మద్రాసుపట్నం ఇసుకనేలకు అనుమతి రాయించుకున్నాడు. వెంకటాద్రి తెలుగు దొర, విజయనగర రాజుకు సామంతుడు. ఆయన తండ్రి చెన్నప్ప పేరు మీదే చెన్నపట్నం వెలిసింది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో డే, అతని పై అధికారి ఆండ్రూ కోగన్ దుగరాజపట్నం నుంచి ఓడల్లో వచ్చి ఇక్కడ దిగారు. మా తీరం ఖాళీ అయింది, ఇక్కడ కోట లేచింది. 1746లో ఫ్రెంచివాళ్లు దాన్ని పట్టుకున్నారు, 1749లో తిరిగి ఇచ్చేశారు.

మ్యూజియం భవనం 1795 నాటిది. వర్తకులు పై హాల్లో చేరి బేరాలాడుకునేవారు. కొన్నేళ్లు దాని కప్పు మీదే మద్రాసు లైట్‌హౌస్ వెలిగింది. ఇప్పుడు గదుల నిండా కత్తులు, తుపాకులు, నాణేలు, పింగాణీ, గవర్నర్ల నిలువెత్తు చిత్రాలు.

వాటన్నిటికన్నా ఎక్కువసేపు నన్ను నిలబెట్టింది గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ పాలరాతి విగ్రహం. శిల్పి థామస్ బ్యాంక్స్. పీఠం మీద టిప్పు సుల్తాన్ కొడుకుల్ని ఇంగ్లీషువాళ్లకు అప్పగిస్తున్న దృశ్యం చెక్కి ఉంది.

“మామయ్యా, ఈ పిల్లల్ని ఎందుకు ఇచ్చేస్తున్నారు?” అంది మేనకోడలు.

“1792లో వాళ్ల నాన్న యుద్ధంలో ఓడిపోయాడమ్మా. ఒప్పుకున్న డబ్బు కట్టేదాకా వీళ్లను పూచీగా ఉంచుకున్నారు.”

ఆ పిల్ల ఇంకేమీ అడగలేదు. చెక్కిన చేతిపనితనం గొప్పదే, కాదనను. కానీ పసివాళ్లను తాకట్టు పట్టడం దయలాగా, వైభవంలాగా చూపించే ఆ రాతిని చూసి నాకు కడుపు రగిలింది.

పై అంతస్తులో, మసక వెలుతురులో, గాజు వెనక పట్టు జెండా ఉంది. 1947 ఆగస్టు 15 తెల్లవారుజామున ఈ కోట మీద ఎగిరిన జెండా అది. అక్కడ చెప్పులు విప్పి దణ్ణం పెట్టుకున్నాను.

బయటికొచ్చి శాసనసభ వైపు చూశాం. టంగుటూరి ప్రకాశం పంతులు 1946లో మద్రాసు ప్రధానిగా, అంటే ఇప్పటి ముఖ్యమంత్రిలా, పనిచేసింది ఇక్కడే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా నెల్లూరు జిల్లా చెరువులకు, బళ్లకు, రోడ్లకు ఉత్తర్వులు వచ్చింది మద్రాసు సర్కారు నుంచే. అంచేత ఈ కోట చరిత్రను పరాయి ఊరి చరిత్రగా వదిలేయడం నాకు సమ్మతం కాదు. గూడూరు, వాకాడు, కోట ఊళ్ల బడిపిల్లల్ని ఒక రోజు దుగరాజపట్నం రేవుకూ, మర్నాడు ఇక్కడికీ తీసుకురావాలి. మా ఊరి పంతుళ్లను ఈ విషయమే అడగబోతున్నాను.