కొండవైపు, సముద్రంవైపు

జపానులోని కోబే నగరంలో దారి అడిగితే తూర్పు, పడమర అని చెప్పేవారు తక్కువ. కొండవైపు అంటారు, లేదా సముద్రంవైపు అంటారు. ఉత్తరాన రొక్కో పర్వతశ్రేణి, దక్షిణాన ఓసాకా అఖాతం, రెంటి నడుమ సన్నని పట్టీలాంటి నేల. ఆ నేల మీదే సుమారు పదిహేను లక్షల జనాభా గల మహానగరం. పెద్ద దుకాణాల ద్వారాలపై సైతం ‘కొండవైపు’, ‘సముద్రంవైపు’ అనే రాసి ఉంటుంది. నగరానికి తొమ్మిది వార్డులు. వాటిలో నడిబొడ్డున ఉన్నది చూవో వార్డు. ఆ మాటకు అర్థమే ‘నడుమ’. 1980లో ఫుకియాయ్, ఇకుతా అనే రెండు పాత వార్డులను కలిపి దీనిని ఏర్పరచారు. మేము నెల రోజులు అక్కడ ఉండి ఈ ఒక్క వార్డునే చూశాము. అదీ పూర్తిగా కాదు.

చూడవలసిన స్థలాల కోసం వెళ్లిన ప్రయాణం కాదది. మా రెండో అమ్మాయి, అల్లుడు ఆరేళ్లుగా అక్కడ ఉంటున్నారు. అల్లుడిది కంప్యూటర్ ఉద్యోగం. మనవరాలికి ఆరో ఏడు నడుస్తోంది. జపానులో విద్యాసంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది. బిడ్డను అక్కడి బడిలో చేర్చాలా, కర్నూలుకు తిరిగి రావాలా అన్నది ఆలోగా తేలాలి. “మీరిద్దరూ ఒకసారి వచ్చి చూసి చెప్పండి అబ్బాజాన్, మీరు వద్దంటే వచ్చేస్తాము” అన్నది అమ్మాయి. మా శ్రీమతి మాత్రం చూడకముందే తన మాట చెప్పేసింది. భూమి ఊగే దేశంలో పసిబిడ్డను ఉంచడం ఆమెకు సమ్మతం కాదు. ఆ మాట మనసులో పెట్టుకునే ఆమె విమానం ఎక్కింది.

సన్నోమియా స్టేషనులో దిగి కొండవైపు కొంతదూరం ఎక్కితే ఇళ్ల నడుమ నుంచి గుంబదు, మినార్లు కనిపిస్తాయి. ఇది జపాను గడ్డపై కట్టిన మొట్టమొదటి మసీదు. 1935లో ప్రారంభమైంది. ఆనాడు ఈ రేవులో వ్యాపారం చేసుకుంటున్న భారతీయ ముస్లిం వర్తకులూ, రష్యా విప్లవం తరువాత ప్రవాసం వచ్చిన తాతారులూ చందాలు వేసుకుని కట్టుకున్న ప్రార్థనాలయమిది. రూపకల్పన చేసినవాడు యాన్ యోసెఫ్ శ్వాగర్ అనే చెక్ దేశస్థుడు. యోకోహామాలో 1933 నాటి క్రైస్తవ ప్రధాన దేవాలయం కూడా ఆయన గీసినదే. కూలీనాలీ జపాను వారు, సొమ్ము హిందూస్తాన్ వర్తకులదీ తాతారులదీ, నక్షా ఒక చెక్ క్రైస్తవుడిది. మసీదు కట్టడమంటే చందా పుస్తకం పట్టుకుని తిరగడమేనని ఎరిగిన మావంటివారికి, గుప్పెడు మంది పరదేశులు ఇంత పని ఎలా చేయగలిగారన్నదే ముందుగా తోచే ప్రశ్న.

ఈ మసీదును గురించి మన పాఠకులలో చాలామంది ఫోన్‌లలో ఒక సందేశం చూసే ఉంటారు. 1945లో అమెరికా విమానాలు కోబేపై బాంబులు కురిపించినప్పుడు చుట్టుపక్కల వీధులు కాలిపోగా మసీదు నిలిచింది. 1995లో మహా భూకంపం వచ్చినప్పుడూ నిలిచింది. ఈ రెండూ నిజమే. అయితే దీనిని ఇతరుల ముందు గొప్పగా చాటుకునే వాదంగా మార్చడం మాకు నచ్చదు. రక్షించేవాడు అల్లాహ్ అనడంలో సందేహం లేదు. ఆయన రక్షణ సాధనాల ద్వారానే వస్తుంది. ఆ మసీదు ఉక్కు కడ్డీలు వేసి పోసిన కాంక్రీటు కట్టడం, కింద నేలమాళిగ కూడా ఉన్నది. ఆ భూకంపంలో కూలిన ఇళ్లలో ఎక్కువ భాగం బరువైన పెంకు కప్పులున్న పాత చెక్క ఇళ్లు. కూలిన ఇంట్లో ఉన్నవాడి విశ్వాసాన్ని కొలిచే అధికారం మనకు ఎవరిచ్చారు? పునాది బలంగా వేసిన ఆనాటి పెద్దలకు దుఆ చేయడం మేలు.

శుక్రవారం జుమా నమాజు అక్కడే చేశాము. మా కుడివైపు ఇండోనేషియా విద్యార్థి, ఎడమవైపు తుర్కీ దేశస్థుడు. వెనుక వరుసలో ఎవరో పంజాబీలో మాట్లాడుకుంటున్నారు. మిహ్రాబు పడమరకు, కాస్త ఉత్తరంగా ఉన్నది. మా ఊళ్లోనూ దాదాపు అదే వైపు తిరిగి నిలబడతాము కనుక, అంత దూరం వెళ్లినా ఒళ్లు కొత్తగా భావించలేదు. నమాజు ముగిశాక మా ఉపాధ్యాయ బుద్ధి ఊరుకోలేదు. మనవరాలిని మెట్ల మీద కూర్చోబెట్టి ఫాతిహా సూరా చదివించాము. తల్లి దగ్గర నేర్చుకున్న పాఠం. ‘ఐన్’, ‘హా’ అక్షరాలు గొంతులో నుంచి చక్కగా పలికాయి. తెలుగు ‘ళ’కారమే తిరగలేదు. ‘కళ్లు’ అనమంటే ‘కల్లు’ అన్నది. దానికేమీ తెలియదు, వాళ్లమ్మ మాత్రం నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మసీదు దగ్గరలోనే హలాల్ దుకాణాలున్నాయి. కందిపప్పు, చింతపండు, బాస్మతి బియ్యం అన్నీ దొరికాయి. మా శ్రీమతి ధరలు రూపాయల్లోకి మార్చి చూసుకుని చింతపండు తిరిగి అక్కడే పెట్టేసింది.

మసీదు దాటి ఇంకా పైకి ఎక్కితే కితానో. చూవో వార్డుకు వచ్చే యాత్రికులలో ఎక్కువ మంది చూడగోరేది ఈ పేటనే. కోబే రేవును విదేశీ వర్తకానికి తెరిచినది 1868 జనవరి 1న. ఆ తరువాత వచ్చిన పాశ్చాత్య వ్యాపారులు, దౌత్యాధికారులు గాలి కోసం, సముద్రం కనిపించడం కోసం కొండవాలున ఇళ్లు కట్టుకున్నారు. వాటిని ‘ఇజిన్‌కాన్’ అంటారు, పరదేశుల ఇళ్లు అని అర్థం. 1977లో ప్రసారమైన ‘కజామిదోరి’ అనే టెలివిజన్ ధారావాహిక వల్ల ఈ పేటకు దేశమంతటా పేరు వచ్చింది. చేప పొలుసుల వంటి పలకలు గోడలకు తాపిన ఇల్లొకటి, లేత పచ్చరంగు చెక్క ఇల్లొకటి, ఇలా చాలా ఉన్నాయి. టిక్కెట్టు కొని అన్నింటిలోకీ వెళ్లడం వృథా ఖర్చని మా అభిప్రాయం. రెండు చూస్తే చాలు.

ఆ రెండింటిలో మొదటిది కప్పు శిఖరాన గాలికోడి ఉన్న ఎర్ర ఇటుకల ఇల్లు. 1909 ప్రాంతంలో గాట్‌ఫ్రీడ్ థామస్ అనే జర్మన్ వర్తకుడు కట్టించుకున్నాడు. ఆయనకు ఒక కూతురు. 1914లో ఆమె చదువు కోసం కుటుంబమంతా జర్మనీకి వెళ్లింది. తాత్కాలికంగానే అనుకున్నారు. ఆ ఏడే ప్రపంచ యుద్ధం మొదలైంది. మళ్లీ ఈ ఇంటికి కాపురానికి రాలేదు. అల్లుడు ఈ సంగతి చదివి వినిపిస్తుంటే మేము మా అమ్మాయి ముఖం చూడకుండా కిటికీ వైపు తిరిగాము. అప్పటికి మాలో ఎవరమూ ఏప్రిల్ మాట ఎత్తలేదు.

రెండోది ఆ లేత పచ్చ ఇల్లు. 1903లో అమెరికా కాన్సుల్ జనరల్ కోసం కట్టినది. దాని ఇటుక పొగగొట్టం 1995 భూకంపంలో పైనుంచి తోటలోకి పడింది. కొత్తది కట్టుకున్నారుగానీ, పడినదాన్ని పారవేయలేదు. తోటలోనే ఉంచారు. మా శ్రీమతి దాని చుట్టూ తిరిగి, “ఇది మంచం మీద పడి ఉంటే?” అన్నది. జవాబు చెప్పేవారు లేరు.

ఆ పక్కనే మెట్లెక్కితే షింతో మతస్థుల తెన్మన్ ఆలయం. కియోమోరి అనే సేనాధిపతి 1180లో రాజధానిని కొద్దికాలం ఈ ప్రాంతానికి మార్చినప్పుడు వెలసినదని, కితానో అన్న పేరు దాని నుంచే వచ్చిందని చెబుతారు. విద్య కోసం విద్యార్థులు మొక్కుకునే చోటు. మేము మెట్ల దగ్గర ఆగి, అక్కడి నుంచి కనిపించే సముద్రాన్ని చూసి వచ్చాము. అదే పేటలో పాలరాతి జైన మందిరం, యూదుల ప్రార్థనాలయం, చర్చీలు నడక దూరంలో ఉన్నాయి. 1923లో యోకోహామా భూకంపంలో నాశనమైనప్పుడు అక్కడి భారతీయ వర్తకులు అనేకులు కోబేకు తరలివచ్చారు. 1940, 41లలో ఐరోపాలో హిట్లర్ బారి నుంచి తప్పించుకున్న యూదులు వేలమంది ఈ ఊరి మీదుగానే వేరే దేశాలకు వెళ్లారు. ఇల్లు వదిలివచ్చినవారికి కొత్తది కాదీ కొండవాలు.

వార్డు తూర్పు భాగాన, షిన్-కోబే రైలు స్టేషను వెనుక నుంచి కాలిబాట పట్టి కాసేపు నడిస్తే నునోబికి జలపాతం. ‘నునో’ అంటే గుడ్డ. పరిచి ఆరవేసిన గుడ్డలా ఉంటుందని ఆ పేరు. పెద్ద ధార 43 మీటర్ల ఎత్తు నుంచి పడుతుంది. ఇంకా పైకెళ్తే 1900లో కట్టిన ఆనకట్ట. జపానులో కాంక్రీటుతో కట్టిన తొలి ఆనకట్టలలో ఇదొకటి, ఈనాటికీ నగరానికి నీరిస్తోంది. మోకాళ్ల నొప్పి వల్ల మా శ్రీమతి జలపాతం దగ్గరే కూర్చుండిపోయింది. అక్కడి నీటితోనే వుజూ చేసుకుని, రాతి పక్కన జానమాజ్ పరచుకుని జుహర్ చదివాము. దారిన పోయే వృద్ధ దంపతులు మేము సలాము తిప్పే వరకు కదలక నిలబడి, తరువాత తలవంచి వెళ్లిపోయారు.

చైనా పేటయైన నాన్‌కిన్‌మాచీలో మేము తినదగినది పెద్దగా లేదు, త్వరగా దాటివచ్చాము. సముద్రంవైపు చివరన మెరికెన్ పార్కు. ‘అమెరికన్’ అన్న మాట జపాను నోట ‘మెరికెన్’ అయింది. 1963లో కట్టిన 108 మీటర్ల ఎర్రని గోపురం నడుము సన్నబడి డమరుకంలా ఉంటుంది. అందరూ దానితో ఫోటో దిగుతారు. దానికి కొంచెం అవతల, విరిగిన రేవుగట్టును 60 మీటర్ల మేర భూకంపం నాడు ఎలా ఉన్నదో అలాగే వదిలేశారు. కాంక్రీటు పలకలు నీళ్లలోకి ఒరిగి, దీపస్తంభాలు వాలిపోయి ఉన్నాయి. 1995 జనవరి 17, తెల్లవారుజామున 5 గంటల 46 నిమిషాలు. మృతులు 6,400కు పైగా. నగర కార్యాలయం దగ్గరి తోటలో వారి పేర్లు చెక్కిన గది ఒకటి నేలకింద ఉన్నది. ఏటా ఆ తేదీన, ఆ ఘడియకే జనం దీపాలు పట్టుకుని అక్కడ నిలుస్తారు.

కర్నూలులో 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ నీళ్లు ఊళ్లోకి వచ్చిన రోజు మాకు గుర్తుకు వచ్చింది. మా మదరసా గ్రంథాలయంలో కింది అరలలోని కితాబులు ముద్దలైపోయాయి. గోడ మీద బురద గీత మనిషెత్తున నిలిచింది. మరుసటి ఏడు సున్నం వేశారు, గీత పోయింది. ఇప్పటి మా విద్యార్థులకు నీరు ఎంతవరకు వచ్చిందో చూపించాలంటే చేయి ఎత్తి చూపడమే. ఈ ఊళ్లోనివారు మాత్రం పడిన పొగగొట్టాన్నీ, విరిగిన గట్టునూ డబ్బు ఖర్చు పెట్టి కాపాడుకుంటున్నారు.

వార్డు తూర్పు తీరాన భూకంప ప్రదర్శనశాల ఉన్నది, 2002లో తెరిచారు. శ్రీమతి రాననుకున్నాము, వచ్చింది. అక్కడ ఆనాటి నుంచి బతికి బయటపడిన వృద్ధులు స్వచ్ఛందంగా వచ్చి సందర్శకులకు తమ అనుభవం చెబుతారు. డెబ్బై దాటిన ఒకామె మాతో మాట్లాడింది, అమ్మాయి మాట మాటకూ తెలుగు చేసి చెప్పింది. చనిపోయినవారిలో అత్యధికులు నిద్రలోనే, ఇల్లో సామానో మీద పడి పోయారని ఆమె చెప్పింది. శిథిలాల కింది వారిని ఎక్కువగా బయటికి లాగినది కూడా ఇరుగుపొరుగువారేనట. మా శ్రీమతి ఒకే ప్రశ్న అడిగింది, “అమ్మా, తరువాత మీరు ఊరు విడిచి ఎందుకు పోలేదు?” ఆమె కాసేపు ఆలోచించి, మా పక్కింటివాళ్లు ఇక్కడే ఉన్నారు కదా అన్నది. ఇద్దరూ చేతులు పట్టుకుని కొంతసేపు అలాగే నిలబడ్డారు. మేము, అల్లుడు బయట గట్టు మీద వేచి ఉన్నాము.

ఆ రాత్రి అమ్మాయి మమ్మల్ని అడిగింది. మేము మా మాట చెప్పాము. ఖుర్ఆన్ పాఠం రోజూ తప్పరాదని, ‘ళ’కారం నేర్పే బాధ్యత ఫోనులో మేము తీసుకుంటామని, ఏటా ఒక రమజాను నెల కర్నూలులో గడపాలని మూడు షరతులు పెట్టాము. శ్రీమతి ఏమీ అనలేదు. లేచి వెళ్లి పడుకుంది.

తిరుగు ప్రయాణానికి ముందురోజు ఇషా నమాజు తరువాత ఆమె అల్లుణ్ణి పిలిచి, మనవరాలు పడుకునే గదిలోని ఎత్తైన చెక్క బీరువా చూపించింది. దాన్ని గోడకు బిగించే ఇనుప పట్టీలు అక్కడ ప్రతి దుకాణంలోనూ అమ్ముతారు. అల్లుడు వెళ్లి నాలుగు తెచ్చాడు. రెండు చాలంటే వినలేదు. నాలుగూ బిగించే వరకు పక్కన నిలబడి, చేత్తో ఊపి చూసింది. తరువాత బిడ్డ మంచాన్ని కిటికీ అద్దానికి దూరంగా జరిపించింది. జపానులో బడికి వెళ్లే పిల్లల వీపు సంచిని తాతా నానమ్మో, అమ్మమ్మో కొనిపెట్టడం ఆనవాయితీయట. దాని ధర ఎంత ఉంటుందని మమ్మల్ని కాదు, నేరుగా అమ్మాయినే అడిగింది.