మూడు వీణలు, ఒక మేళం

జూబిలీహిల్స్‌లో నేను వెళ్ళిన నాలుగైదు ఇళ్ళలో వీణ కనిపించింది. అన్నీ జానెడు, మూరెడు వీణలే. గాజు అరలో, షీల్డుల పక్కన, ఏదో సభ పేరు చెక్కిన ఇత్తడి రేకుతో ఉంటాయి. యాళి ముఖం ముద్దుగా ఉంటుంది, తీగలు కూడా ఉంటాయి. మీటితే మాత్రం టిక్కుమని ఊరుకుంటుంది. ఫిల్మ్ నగర్ చుట్టుపక్కల జరిగే సన్మానాల్లో చేతికివ్వడానికి ఇంతకన్నా అనువైన వస్తువు ఉండదేమో. చూడగానే తెలుగువాళ్ళదని తెలుస్తుంది, సూట్‌కేసులో పడుతుంది.

ఇలాంటి వీణలకి పేరున్న ఊరు విజయనగరం జిల్లా బొబ్బిలి దగ్గరి గొల్లపల్లి. పలికే పెద్ద వీణలూ అక్కడివే. తరాలుగా ఆ పని చేస్తున్నది సర్వసిద్ధి కుటుంబాలు. పనస దుంగని తొలిచి కుండ, దండి ఒకే చెక్కలో తీస్తారు కాబట్టి దాన్ని ఏకాండి వీణ అంటారు. కుండ మీది పలక మాత్రం విడిగా బిగిస్తారు. పనసే ఎందుకంటే, ఆ చెక్క బాగా ఆరాక తేలిగ్గా ఉంటుంది, తొందరగా వంకర పోదు, నాదాన్ని మింగదు. బొబ్బిలి వీణకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ గుర్తింపు పేరుని కాపాడుతుంది. నాదం సంగతి వేరు.

ఈ తేడా గురించి నేను పట్టించుకోవలసి వచ్చింది అమ్మ వల్ల. అమ్మ విజయనగరం సంగీత కళాశాలలో చదువుకుంది. 1919లో ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి ప్రిన్సిపాల్‌గా మొదలైన కళాశాల అది. రిటైరయ్యాక ఫిల్మ్ నగర్‌లో మా ఫ్లాటుకి వచ్చేసింది, వెంట తన బొబ్బిలి వీణా వచ్చింది. మెట్లు అరిగిపోయాయి, మైనం పగిలి రాలుతోంది. పైగా అమ్మకి మోకాళ్ళ నొప్పులు, కింద కూర్చోలేదు. ‘ఏటి చేస్తాం, ఎవరికైనా ఇచ్చెయ్’ అంది. ఆ మాట తేలిగ్గా అనలేదని నాకు తెలుసు. పాతది బాగుచేయించడమా, తంజావూరుది కొనడమా, తేలికైన ఫైబర్ వీణ కొనడమా?

సాఫ్ట్‌వేర్ వాణ్ణి కదా, ఎక్సెల్ తెరిచాను. బరువు, పనితనం, నాదం ఎంతసేపు నిలుస్తుంది, శ్రుతి ఎంత కచ్చితం. ఒక ఆదివారం మూడు వీణలూ మా హాల్లో చేరాయి. తంజావూరుది పై అంతస్తు ఆవిడది, ఫైబర్‌ది ఆఫీసు మిత్రుడి భార్యది.

పనితనంలో తంజావూరు వీణ కళ్ళు తిప్పుకోనివ్వదు. పలక మీద గుండ్రటి పూలు, అంచుల వెంట లతలు. ఒకప్పుడు ఏనుగు దంతంతో చేసే ఆ పొదుగుడు ఇప్పుడు ప్లాస్టిక్‌తో చేస్తారు, అయినా చెయ్యి చెయ్యే. అమ్మ వీణ మీద అలంకారం తక్కువ. కానీ బిరడలు తీసి లోపలికి టార్చి వేసి చూస్తే ఉలి దెబ్బలు వరసగా, ఒకే లోతున కనిపించాయి. ఎవరూ చూడని చోట అంత శ్రద్ధ. ఫైబర్ వీణకి ఉలి దెబ్బ లేదు, లోపమూ లేదు. ఒళ్ళో పెట్టుకోవచ్చు, ఆంప్లిఫయర్‌కి తగిలించవచ్చు, ఏసీ గదిలో వదిలేసినా చెక్కలా బీటలిస్తుందన్న భయం లేదు.

పలుకు దగ్గరికొచ్చేసరికి పట్టిక తారుమారైంది. ఫోన్‌లో ట్యూనర్ పెట్టి ఒక్కో మెట్టూ మీటించాను. అన్నిటికన్నా కచ్చితంగా ఫైబర్ వీణ, తర్వాత తంజావూరుది. అమ్మది అన్నిటికన్నా అధ్వాన్నం, కొన్ని మెట్ల మీద తీగ జీరగా కొట్టుకుంది. ఈ లెక్కన పాతదాన్ని వదిలించుకోవడమే. అమ్మ ఫైబర్ వీణ మీద కాసేపు తోడి వాయించి, ‘బాగానే పలుకుతోంది గానీ నాన్నా, నా వేలు దీనికి తెలీడం లేదు’ అంది.

ఆ మాట నాకు తర్వాత మేళం కట్టే ఆయన వచ్చాక అర్థమైంది. అమ్మతో చదువుకున్నావిడ ద్వారా దొరికారు. డెబ్భై దాటిన మనిషి. రెండు రోజులు మా హాల్లో పనిచేశారు.

వీణకి 24 మెట్లు. ఒక్కో తీగ మీద రెండు స్థాయిలు. ఈ ఏర్పాటు 17వ శతాబ్దంలో తంజావూరు రఘునాథ నాయకుడి కాలంలో స్థిరపడిందని చెబుతారు. లెక్క ప్రకారం 12వ మెట్టు తీగని సగం చేస్తుంది, 24వది పావు చేస్తుంది, మధ్యవి కాగితం మీద వేసేయవచ్చు. గిటార్‌కి అలాగే వేసి మెట్లు శాశ్వతంగా బిగించేస్తారు. మా భాషలో చెప్పాలంటే హార్డ్‌కోడ్ చేసేస్తారు. కానీ వీణ తీగ మెట్టుకి కాస్త ఎత్తులో ఉంటుంది. నొక్కితే సాగుతుంది, సాగితే స్థాయి పెరుగుతుంది. ఎంత పెరుగుతుందన్నది తీగ లావుని బట్టి, ఎత్తుని బట్టి, నొక్కే వేలుని బట్టి ఉంటుంది. గమకం కోసం తీగని పక్కకి లాగితే అదే మెట్టు మీద పై స్వరాలు కూడా పలకాలి. అందుకే మెట్లని మేకులతో కాక మైనంలో నిలబెడతారు.

ఆయన పాత మైనమంతా గీకేశారు. తేనెమైనం, గుగ్గిలం, మసి కలిపి కాచి దండి మీది రెండు గట్లకీ పట్టించారు. గోరువెచ్చగా ఉండగానే కంచు మెట్లు ఒక్కొక్కటే నిలబెట్టారు. ఒక మెట్టు పెట్టడం, చెవి దగ్గరపెట్టి వినడం, వెంట్రుకవాసి జరపడం. నా ట్యూనర్ వైపు చూడనే లేదు. సగం పనయ్యాక అమ్మని పిలిచారు.

‘అమ్మగారూ, మీరు నొక్కండి. నా వేలికి కడితే నాకే పలుకుద్ది.’

అప్పట్నించి ప్రతి మెట్టూ అమ్మ నొక్కింది, ఆయన జరిపారు. సాయంత్రానికి అదే పనస, అదే కుండ, కానీ నాదం గది దాటి వంటింటిదాకా వచ్చింది. నా పట్టికలో ‘పనితనం’, ‘పలుకు’ రెండు వేరు వేరు నిలువు వరసలు. ఆ రోజు హాల్లో రెంటికీ మధ్య గీత ఎక్కడుందో చూపించమంటే చూపించలేను. పలుకు వస్తువులో ఉండే గుణం అనుకుంటాం. వీణలో మాత్రం అది చేసినవాడికీ వాయించేవాళ్ళకీ మధ్య కుదిరిన ఒప్పందం. రోజూ వాయిస్తే ఏడాదికో రెండేళ్ళకో మెట్లు అరుగుతాయి, మైనం సడలుతుంది, ఒప్పందం మళ్ళీ రాసుకోవాలి.

సినిమా మద్రాసులో ఉన్న రోజుల్లో ఈమని శంకరశాస్త్రిగారు జెమిని స్టూడియోలో పనిచేశారు. ఆయన శిష్యుడు చిట్టిబాబుగారు సినిమా ఆర్కెస్ట్రాల్లో వాయించారు, తర్వాత వీణ మీద కోయిలని కూయించి దేశమంతా వినిపించారు. సినిమా ఇక్కడికి తరలి వచ్చింది. 1976లో అన్నపూర్ణ స్టూడియోస్, తర్వాత రామానాయుడు స్టూడియోస్, ఇప్పుడు సందుకో ఎడిటింగ్ గది. పాటలో వీణ కావాలంటే కీబోర్డులో శాంపిల్ ఉంది. దాన్ని తప్పుపట్టను. కాకపోతే శాంపిల్ అంటే ఎవరో ఒకరోజు ఎవరో కట్టిన మేళం మీద మీటిన స్వరమే. దానికి మళ్ళీ మేళం కట్టక్కర్లేదు, కాబట్టి కట్టేవాడితోనూ పని లేదు. అద్దాల అరలో వీణదీ అదే సౌకర్యం.

ఆ చిన్న వీణల్ని వెక్కిరించడానికి మాత్రం నాకు నోరు రాదు. రెండో రోజు భోజనాల దగ్గర వాళ్ళబ్బాయి గురించి అడిగాను. ‘చిన్న వీణలే చేస్తాడు బాబూ. ఆర్డర్లు బానే ఉంటాయి, ఇల్లు దాంతోనే నడుస్తాది. మేళం నేర్చుకోరా అంటే, పెద్ద వీణలు ఏడాదికెన్ని వస్తన్నాయి నాన్నా అంటాడు’ అన్నారు. ఆయన గొంతులో ఫిర్యాదు లేదు. నా దగ్గరా జవాబు లేదు. పెద్ద వీణ కొనేవాళ్ళు, కొన్నాక రోజూ వాయించి మెట్లు అరగదీసేవాళ్ళు ఉంటే తప్ప ఆ అబ్బాయికి మేళం నేర్చుకోవాల్సిన అవసరం ఎక్కణ్ణుంచి వస్తుంది?

కృష్ణానగర్‌లో సినిమా సెట్లకి పనిచేసే వడ్రంగి ఒకాయన టేకుతో చిన్న స్టాండు చేసిచ్చాడు. అమ్మ కుర్చీలో కూర్చుని వీణని దాని మీద పెట్టుకుని పొద్దున్న గంట, సాయంత్రం గంట వాయిస్తోంది. పై అంతస్తు ఆవిడ నేర్చుకోవడానికి వస్తున్నారు. ఈ లెక్కన రెండేళ్ళలో మెట్లు అరుగుతాయి.

ఆ తేదీకి ఫోన్‌లో రిమైండర్ పెట్టాను. ఆయన నెంబరు కింద వాళ్ళబ్బాయి నెంబరు కూడా రాసుకున్నాను.